కొంగులో దాచుకున్న చేతులు

సుగుణ టీచరు ఇక లేరన్న వార్త నాకు జమున నోట తెలిసింది. ఎవరి నోట తెలిస్తేనేం అని దాటిపోవచ్చు గానీ, ఆ ఉదయం నా గుండెకు తగిలిన దెబ్బలు రెండు. ఇది రెండోది. దేవుని గూటిలో వత్తి ఎగదోస్తుండగా ఫోను మోగింది. "అక్కా, బాయి పోయింది. నా చేతులల్లనే పోయింది" అని, టీచరును 'బాయి' అని పిలిచే జమున వెక్కిళ్ల మధ్య చెప్పింది. వత్తి నూనెలో మునిగి దీపం కొండెక్కింది. జ్ఞానదాత్రి అస్తమించిందన్న దుఃఖం ముందు వచ్చింది. "నా చేతులల్లనే" అన్న మాట దాని వెనకే వచ్చి గుచ్చుకుంది. ఆఖరి ఘడియలో ఆ మంచం పక్కన నేను లేను. జైనూరు నుంచి ముందురోజే మంచిర్యాలకు దిగి వచ్చిన జమున ఉంది. భగవదిచ్ఛకు ఎదురు చెప్పలేను. కానీ అది నాకు రుచించిందని రాస్తే ఆ దీపం ముందు అబద్ధమాడినట్టవుతుంది.

మంచిర్యాలలో టైపు నేర్చుకున్న ఒక తరానికి సుగుణ టీచరు పేరు పరిచయం చేయనక్కరలేదు. టైపు మిషన్ల కాలం పోయి కంప్యూటర్ల కాలం వచ్చాక ఆమె సంస్థ మూతపడింది. టీచరు మాత్రం మూతపడలేదు. పాతబడ్డాయని జనం అటకల మీదికి నెట్టిన కంప్యూటర్లను కిందికి దించి, వాటిలో లినక్స్ పెట్టించడం ఆమె అవసానకాలపు వ్రతం. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాసి, ఎవరి సొత్తూ కాకుండా లోకానికి వదిలిపెట్టిన సిస్టమ్ అది. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు. "అన్నదానం లెక్కనే ఇది గూడ. వండినోళ్ల పేరు తెల్వదు, తిన్నోళ్ల లెక్క లేదు" అనేవారు టీచరు. ఆ మాట విన్ననాటి నుంచి కంప్యూటర్ ముందు కూర్చునేటప్పుడు ఆ తెలియని వాళ్లకు ఒక నమస్కారం పెట్టుకోవడం నాకు అలవాటైంది.

నేను బడిగడప తొక్కినదాన్ని కాను. చిన్ననాటి కీళ్లజ్వరం నన్ను ఇంటికి కట్టేసింది. మా బాపు పురాణం చదువుతూ వేలితో చూపించిన అక్షరాలే నా చదువు. కాబట్టి చదువంటే ఒకరు నా పక్కన కూర్చుని, నాకోసమే చెప్పడం అని నా మనసులో స్థిరపడిపోయింది. సుగుణ టీచరు మంచిర్యాల నుంచి ప్యాసింజర్ బండెక్కి, గోదారి దాటి, పెద్దపల్లిలో మా ఇంటికి వచ్చినప్పుడు, బాపు తరువాత భగవంతుడు నాకోసం పంపిన రెండో గురువు ఈమె అనుకున్నాను. 'నాకోసం' అన్న మాటను నేను కొంచెం గట్టిగానే పట్టుకున్నాను.

మా అవ్వ పాడిన మంగళహారతులు టైపు చేసుకోవాలని నా కోరిక. పెద్దపల్లిలో కంప్యూటర్ల దుకాణం నడిపే మా తమ్ముడు శ్రీధర్ పారేయబోయిన ఒక డబ్బాను నాకు తెచ్చి ఇచ్చాడు. దాన్ని దేవుని గూడు ఉన్న గదిలోనే, గూటికి ఎదురుగోడకు బల్ల వేసి పెట్టుకున్నాను. టీచరు వచ్చి, కుర్చీ లాక్కుని నా పక్కకు ఒక జానెడు వెనకగా కూర్చున్నారు. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని ఒడిలో పెట్టుకున్నారు.

"నొక్కు బిడ్డా."

"నేనా? ఖరాబైతే?"

"ఖరాబైతే మళ్ల చేద్దాం. ఇత్తడి చెంబా, సొట్టవోతదని భయపడ?"

"మీరే చెయ్యరాదు టీచరమ్మా. నేను పక్కపొంటి కూసోని చూస్త."

"నా చెయ్యి నీ ఇంట్ల ఉంటదా? సాయంత్రం బండెక్కి మంచిర్యాల పోతది. ఇంట్ల ఉండేది నీ చెయ్యే."

టైపు నేర్పే రోజుల్లో, అక్షరాలు చూసి కొట్టకుండా పిల్లల చేతుల మీద ఒక బట్ట కప్పేవారట. కంప్యూటర్ల కాలం వచ్చాక ఆ బట్టను తన చేతుల మీదికే మార్చుకున్నారు. తొందరపడేది శిష్యుల చేతులు కావు, గురువు చేతులే అని ఆమెకు అర్థమైందేమో. నేను తప్పు నొక్కినప్పుడల్లా ఆ కొంగు కింద వేళ్లు కదిలేవి. బయటికి మాత్రం వచ్చేవి కావు. భాష ఏదని తెర అడిగితే వరస కిందికి జరిపి 'తెలుగు' నేనే వెతుక్కున్నాను. అంతా అయ్యాక పాస్‌వర్డ్ పెట్టుకొమ్మని అడిగింది. టీచరు లేచి, నాకు వీపు చూపి, అవతలి గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

"మీకు తెలిస్తే ఏమైతది టీచరమ్మా?"

"నాకు తెలిస్తే అది నీది గాదు" అన్నారు, అటు తిరిగే.

ఆ వీపు నాకు నచ్చలేదు. అంతసేపు పక్కన కూర్చున్న మనిషి, సరిగ్గా పని పూర్తయ్యే వేళకు నన్ను పరాయిదాన్ని చేసినట్టు అనిపించింది. వెళ్లేముందు ఒక పెన్‌డ్రైవ్‌ను కుంకుమ భరిణెలో పెట్టి నా చేతికిచ్చారు. "ఎప్పుడన్న మొత్తం పోతె, దీన్ని పెట్టి మళ్ల మొదటికెల్లి చేసుకో" అన్నారు. ఆ భరిణెను గూటిలోనే పెట్టుకున్నాను.

అయితే ఆమె ఈ సిస్టమ్‌ను గుడ్డిగా పొగిడిన మనిషి కారు. మా శ్రీధర్ ఒకనాడు ఆమెను పట్టుకుని వాదం పెట్టుకున్నాడు.

"టీచరమ్మా, గిది ఇండ్లళ్ల నడిచే యవ్వారం కాదు. మా దుకాన్ల పాత ప్రింటర్ ఒకటున్నది, దాన్ని తెచ్చి తగిలిద్దామా?"

"తే తమ్మి, చూద్దాం."

తెచ్చాడు. మధ్యాహ్నమంతా నా చేత ఏవేవో నొక్కించారు. ప్రింటర్ మూలిగిందే తప్ప కాగితం మింగలేదు. అంతకుముందు టైపు దుకాణంలో చేయించుకున్న రెండు హారతులు తెరిస్తే, తెర నిండా సున్నాలూ గీతలూ వచ్చాయి. ఆ దుకాణం వాళ్ల పాత తెలుగు అక్షరాలు దీనికి అర్థం కావట. శ్రీధర్ మీసం దువ్వుకున్నాడు.

"నువ్వు గెలిచినవ్ తమ్మి" అన్నారు టీచరు. "ఈ ప్రింటర్‌తోని కాదు, ఆ పాత అక్షరాలతోని కాదు. లేనిదాన్ని ఉన్నదంటే రేపు ఉన్నదాన్ని గూడ నమ్మరు."

"మరి ఇండ్లళ్లకు సిద్ధమైనట్టా, కానట్టా? ఒక్క మాట చెప్పున్రి."

"పొయ్యి సిద్ధమే. అగ్గిపుల్ల గీసే చెయ్యి ఇంట్ల ఉన్నదా లేదా, అది చూసుకోవాలె."

"నేను పొయ్యిలమ్మేటోన్ని టీచరమ్మా. చేతులు నా దుకాన్ల దొరకయి" అన్నాడు శ్రీధర్. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ హారతులు రెండూ నేను మళ్లీ మొదటినుంచి టైపు చేసుకున్నాను. అవ్వ పాట మరోసారి నా వేళ్ల మీదుగా నడిచింది. ఆ ఓటమికి కూడా దేవునికి దండం పెట్టుకున్నాను.

ఇక జమున. నేను మొదటిసారి మంచిర్యాలలో టీచరు ఇంటికి వెళ్లిననాడు, అరుగు మీద సీతాఫలాల గంప పక్కన కూర్చుని, "బాయీ, నువ్వు తిన్నవా లేదా? ముఖం గుంజుకపోయింది" అంటూ టీచరును గదమాయిస్తోంది. మేమంతా 'టీచరమ్మా, మీరు' అని ఒదిగి ఉండే మనిషిని ఆమె 'బాయీ, నువ్వు' అంటుంది. మహారాష్ట్ర సరిహద్దు మాట కలిసిన వాళ్ల వాడుక అది, గౌరవమే. ఆ సంగతి తెలిసినా, ఆ 'నువ్వు' నాకు దక్కని ప్రసాదంలాగా కనిపించింది.

జమున భర్త మస్కట్‌లో పనిచేస్తాడు. ఇంట్లో చూపు మందగించిన అత్త. ఫోనులో కొడుకు ముఖం ఆమెకు మసకచుక్కగా తప్ప కనిపించదు. అందుకని ఎవరి దగ్గరో పాత కంప్యూటర్ తెచ్చుకున్నారు. పెద్ద తెర మీదైతే ముసలమ్మ కంటికి కొడుకు ఆనతాడు. ఆ కంప్యూటర్ కాస్తా తెరుచుకోవడమే మానేసింది. ఆ రోజుల్లోనే ముసలమ్మకు జ్వరం ముదిరింది. ఆస్పత్రికి తరలించేముందు కొడుకును చూపించమని ఒకటే కలవరింత. కబురు అందగానే టీచరు బస్సెక్కి ఆ గుట్టలన్నీ ఎక్కి జైనూరు చేరారు. వెళ్లి, కొంగు నడుముకు దోపి, రెండు చేతులతో తానే అంతా చేసేశారు. భాష, పాస్‌వర్డ్ అన్నీ తానే పెట్టి, ప్రతిసారీ అడగకుండా తెరుచుకునేట్టు చేసి, మస్కట్‌కు కలిపి, ముసలమ్మను లేపి కూర్చోబెట్టారు. ముసలమ్మ కొడుకును చూసింది, గంజి తాగింది, బతికింది.

ఇది విన్ననాడు నేను ఆనందించాను. మరునాడు ఆలోచించాను. నాకోసం గోదారి దాటారు, సరే. ఆమెకోసం గుట్టలెక్కారు. నా ఇంట్లో కొంగు దాటి రాని చేతులు ఆ ఇంట్లో బయటికొచ్చాయి. మనసులో పెట్టుకోలేక అడిగేశాను.

"నా దగ్గర దాచుకున్న చేతులు జమున దగ్గర ఎట్ల బయటికొచ్చినయి టీచరమ్మా?"

"కుళ్లుకుంటున్నవా బిడ్డా?"

"కుళ్లు కాదు. ఊకెనే అడుగుతున్న."

"కుళ్లుకునేటోళ్లు గట్లనే అంటరు" అని పకపకా నవ్వారు. నవ్వి, మెల్లగా అన్నారు. "ఆకలైనోనికి ముందు అన్నం పెడతరు బిడ్డా. వంట తర్వాత నేర్పుతరు. అన్నం పెట్టిన గని ఆ పిల్లకు వంట నేర్పలే. జైనూరుకు ఇంకోపాలి పోవాలె."

నేను మాత్రం కడుపు నిండి వచ్చానా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆమె మళ్లీ జైనూరు పోలేకపోయారు. గుండెజబ్బు ఆమెను మెట్లు కూడా దిగనివ్వలేదు. చూడటానికి వెళ్లినప్పుడల్లా "జైనూరు పని సగంల ఉన్నది" అనేవారు. పెద్దపల్లి పని పూర్తయిపోయింది గనుక దాని ప్రస్తావన ఉండేది కాదు. చక్కగా నేర్చుకున్న శిష్యురాలికి దక్కే శిక్ష అది.

మూడోనాడు గోదారి ఒడ్డున పిట్టకు పెట్టారు. పోయినవారికి ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డించి, కాకి వచ్చి ముట్టేదాకా నిలబడటం మా దగ్గరి ఆచారం. ముట్టకపోతే మనసులో ఏదో కోరిక మిగిలిందని అర్థం. ఆ కోరిక ఊహించి, తీరుస్తామని మాటివ్వాలి. కాకి వచ్చి రేవు గోడ మీద కూర్చుంది. దిగలేదు.

"అవ్వా, ఇల్లు మంచిగ చూసుకుంటం, రాయే" అంది టీచరు కోడలు. కాకి మెడ తిప్పింది.

"సర్వపిండి గూడ పెట్టినం గదనే సుగుణా, ఇంకేం గావాలె?" అని పక్కింటి రాజవ్వ కసిరింది. "బతికిననాడు గూడ గింతే. కూసుండవెట్టి బతిమిలాడితె తప్ప తినకపోయేది." తరువాత తానే కళ్లొత్తుకుని అంది. "గా కంప్యూటర్లకు ఇగ దిక్కెవలని ఫికర్ పెట్టుకున్నదేమో."

ఆ మాటతో ఆడవాళ్లలో కదలిక పుట్టింది. ఒకామె చిన్నసంచి విప్పి, "నాకేం ఫికర్ లేదు, నాకిది ఇచ్చింది" అంటూ పెన్‌డ్రైవ్ తీసింది. ఇంకొకామె రవిక మడతలోంచి తీసింది. రాజవ్వ నడుము దగ్గరి వక్కాకు తిత్తిలోంచి తీసింది. నా ఒక్కదానికే ఇచ్చారనుకున్నది ఇంటింటికీ ఇచ్చారు. అందరిచేతా నొక్కించారు, అందరికీ వీపు చూపారు. ఎవరి ఇంట్లోనూ ఏదీ ఆగలేదు, అన్నీ నడుస్తూనే ఉన్నాయి. గురువు కీర్తికి ఇంతకన్న పెద్ద నిదర్శనం ఏముంటుంది? నేను పొంగిపోవలసింది. కుంకుమ భరిణె నా ఒక్కదానికే దొరికిందా అని చుట్టూ చూశాను. ఇంకెవరి చేతిలోనూ భరిణె లేదు. అంతవరకు నారాయణునికి దండం.

వట్టి చేతులతో నిలబడ్డది జమున ఒక్కతే.

"నాకియ్యలే" అంది. "అన్నీ బాయే చేసింది గదా, నాకెందుకనుకున్న. గిప్పుడు అది పాతగైందట, ఫోన్ కలుపనంటున్నది. కొత్తగ చేసుకోవాలంటె పాస్‌వర్డ్ అడుగుతది. అది బాయి పెట్టింది, బాయితోనే పోయింది. పొద్దున లేస్తె మా అత్త కొడుకేడి అని ఒకటే పరేషాన్ చేస్తది. పండుకున్న బాయిని ఏం అడగను? అడగకుంటనే ఊకున్న."

టీచరు చేతులు తాకిన ఇల్లు ఒక్కటే ఆగిపోయింది.

"టీచరమ్మా, జైనూరుకు నేను పోత" అని నేనన్నాను. సరిగ్గా ఆ క్షణంలోనే జమున విస్తరి వైపు తిరిగి, "బాయీ, నువ్వు తినిపో" అంది. కాకి దిగివచ్చి విస్తట్లో ముక్కు పెట్టింది.

"నా మాటకు దిగింది" అన్నాను.

"నేను పిలిస్తె దిగింది" అంది జమున.

"ఇద్దరి నోళ్లు మూసి పిట్టను తిననియ్యున్రి" అంది రాజవ్వ.

ఇప్పటికీ ఆ తగవు తేలలేదు. తేలవలసిన అవసరం నాకైతే కనిపించదు. నా మాటకే దిగింది.

భరిణె తీసుకుని జైనూరు వెళ్లాను. అరుగు మీది ముసలమ్మ కళ్లు చికిలించి, "బాయి వచ్చినవా?" అంది. కాదని జమున చెప్పింది. ఆ పొరపాటు ఇంకాసేపు నిలబడితే నాకేమీ అభ్యంతరం లేకపోయింది.

జమున చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లగానే నేను చేసిన మొదటి పని ఏమిటంటే, పాస్‌వర్డ్ అడిగిన చోట నా పేరు టైపు చేయడం. కాదంది. గుండె చిక్కబట్టుకుని జమున పేరు కొట్టాను. దాన్నీ కాదంది. ఆ 'కాదు' నాకు ఎంత ఊరటనిచ్చిందో దేవునికే తెలుసు. ఆ తరువాతే టీచరు కొలిచే వేల్పుల పేర్లు, కొడుకు పేరు, మంచిర్యాల, గోదారి అన్నీ ప్రయత్నించాను. ఏదీ కాదు. ఆ ఇంట్లో కూర్చుని ఆమె ఏ మాట తలచుకున్నారో ఇక ఏ జీవికీ తెలియదు.

"మొత్తం తీసేసి మొదటికెల్లి చేయాలె జమునా. ఫొటోలు గిట్ల, నీయి ఏమున్నయో ముందు వేరే దాంట్లకు తీసి పెడుదాం. అయి ఎటు పోవు."

జమున చాయ్ గ్లాసు కింద పెట్టింది. "ఫొటోల సంగతి కాదక్కా. బాయి తన చేతులతోని చేసింది గదా. అది పోతది గదా."

ఇన్నాళ్లూ నన్ను కాల్చిన ఆ చేతిపనిని చెరిపే అవకాశం నా చేతికే వచ్చింది. తేలికగా నొక్కేస్తాననుకున్నాను. వేలు ముందుకు పోలేదు. టీచరు చేతులారా చేసిన పని ఈ లోకంలో అదొక్కటే. అది నా ఇంట్లో లేకపోవచ్చు. అయినా ఎక్కడో ఒకచోట మిగిలి ఉంది. జమున ఏడుస్తోంది. అరుగు మీది నుంచి ముసలమ్మ, "పోరడు కనబడ్డడా?" అని అడుగుతోంది.

ఎప్పుడు చేశానో తెలియదు, చూసుకునేసరికి నా రెండు చేతులూ కొంగులో ఉన్నాయి.

"నొక్కు బిడ్డా" అన్నాను.

"నేనా?"

"నా చెయ్యి సాయంత్రం బస్సుల పోతది. నీదే ఇంట్ల ఉండేది."

జమున కళ్లు తుడుచుకుని నొక్కింది. వరస కిందికి జరిపి 'తెలుగు' తానే వెతుక్కుంది. ఒకచోట తడబడి వెనక్కి పోయింది, నా వేళ్లు కొంగు కింద గిలగిలలాడాయి. ఆ బాధ ఎంతటిదో అప్పుడు తెలిసింది. ముసలమ్మ లోపలికి వచ్చి నా ఒడి వైపు వంగి చూసింది.

"జమునా, గీమె చేతులు కొంగుల దాచుకున్నదేందే? ఏమన్న ఎత్తుకపోతున్నదా?"

ఏడుపు మధ్యనే జమునకు నవ్వు వచ్చింది. పాస్‌వర్డ్ దగ్గరికి వచ్చాం. నేను లేచి అవతలి గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఎదురుగా, దండ వేసిన చిన్న దేవుని పటం, దాని పక్కన మస్కట్ వెళ్లేముందు దిగిన జమున భర్త ఫొటో. చూడటానికి ఇంకేమీ లేదు గనుక వాటినే చూశాను. ఈ ముసలమ్మకు కొడుకు కనబడేట్టు చేయి తండ్రీ అని వేడుకున్నాను. వెనకనుంచి జమున వేళ్ల చప్పుడు వినిపిస్తోంది.

అక్కడ నిలబడి ఉండగా మా గది గుర్తొచ్చింది. మా బల్లకు ఎదురుగోడలో ఉన్నది దేవుని గూడు. ఆనాడు టీచరు నాకు వీపు చూపి, అంతసేపు నిలబడింది నా దేవుళ్ల ముందు. ఊరికే నిలబడి ఉండరు. నాకోసం ఏమి అడిగారో అడగకపోతిని.

కాసేపటికి తెర మీద మస్కట్ వెలిగింది. ముసలమ్మ తెరకు ముక్కు ఆనించి, "బక్కగైనవ్ రా, గాడ నీకు తిండి పెడ్తలేరా?" అంది. "నువ్వు జర ఎన్కకు జరుగవ్వా, నాకు నీ నోరు తప్ప ఏం కనబడ్తలేదు" అన్నాడు కొడుకు. భరిణెలోని పెన్‌డ్రైవ్‌ను జమున చేతిలో పెట్టాను. భరిణె మాత్రం నేనే ఉంచుకున్నాను.

సుగుణ టీచరమ్మా, మీరు వెలిగించిన దీపాలు పెద్దపల్లి నుంచి జైనూరు దాకా మీరు లేకుండానే వెలుగుతున్నాయి. మీ స్థానాన్ని పూరించగలవారు ఈ గోదారికి ఈవల గానీ ఆవల గానీ లేరు. మా శ్రీధర్ మళ్లీ అడిగితే, చేయి ఉన్న ఇంట్లో పొయ్యి సిద్ధమే అని నేను చెబుతాను. ఇన్ని ఇళ్లలో ఒక ఇల్లుగా నన్ను చేర్చుకున్నందుకు మీ పాదాలకు శిరసు వంచి నమస్కరిస్తున్నాను. ఇన్ని ఇళ్లు ఎందుకున్నాయన్న బాధ నాలో ఇంకా ఉంది, మీరు నవ్వుతారని తెలిసే రాస్తున్నాను. రోజూ హారతులు టైపు చేసుకుని లేచేముందు, మీరు నిలబడ్డ చోట, అటు తిరిగి ఒక క్షణం నిలబడుతున్నాను. మీ చేతులు జమునకు దక్కాయి. ఆ వీపు నాది.